కళ్లుప్పా? పొట్లం ఉప్పా?



మొన్న ఒక పెద్దామె నన్ను అడిగింది. "అమ్మా, మేమంతా కళ్లుప్పు తినే పెరిగాం. గట్టిగానే ఉన్నాం. ఇప్పుడు మా కోడలు పొట్లం ఉప్పు తెస్తోంది. ఏది మంచిది?" అంది. మంచి ప్రశ్న. ఈరోజు ఆ సంగతే మాట్లాడుకుందాం.

కళ్లుప్పు ఎలా తయారవుతుంది? శ్రీకాకుళం జిల్లా నౌపడలో, బాపట్ల జిల్లా చినగంజాంలో, నెల్లూరు జిల్లా ఇస్కపల్లిలో ఉప్పు మళ్లు ఉన్నాయి. మళ్లలోకి ఉప్పునీరు పెడతారు. ఎండకు నీరు ఆవిరైపోతుంది. అడుగున ఉప్పు గళ్లు కడుతుంది. దాన్ని లాగి కుప్ప పోస్తారు. తట్టలతో మోసేది ఎక్కువగా ఆడవాళ్లే. ఎండలో ఆ ఉప్పునీళ్లలో నిలబడితే కాళ్లు పగులుతాయి. పుండ్లు పడతాయి. పెద్ద వాన పడితే చేసిన పని అంతా కరిగిపోతుంది. చిటికెడు ఉప్పే కదా అంటాం గానీ, దాని వెనక అంత కష్టం ఉంది.

పొట్లంలో ఉండే మెత్తటి ఉప్పు కూడా ఉప్పునీటిని ఎండబెట్టి తీసిందే. దాన్ని కడిగి, మెత్తగా చేసి, గడ్డ కట్టకుండా ఒక పొడి కలుపుతారు.

"కళ్లుప్పు తింటే బీపీ రాదు" అని కొందరు అంటారు. అది నిజం కాదు. తూకం ఒకటే అయితే రెండూ ఒకటే. చెంచాతో కొలిస్తే మాత్రం కళ్లుప్పు తక్కువ పడుతుంది. గళ్ల మధ్య ఖాళీ ఉంటుంది కదా! పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలు. అంటే ఒక చిన్న చెంచాడు. పచ్చడి, అప్పడం, ఎండు చేప, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

సముద్రపు ఉప్పులో వేరే ఖనిజాలు ఉన్న మాట నిజమే. కానీ చాలా కొద్దిగా ఉంటాయి. పట్నంలో దాన్నే అందమైన సీసాలో పోసి ఎక్కువ ధరకు అమ్ముతారు. ఆ డబ్బుతో ఆకుకూరలు కొనుక్కోవడం మేలు.

మరి అసలు తేడా ఎక్కడుంది? అయోడిన్‌లో ఉంది. సముద్రం నుంచి వచ్చింది కాబట్టి కళ్లుప్పులో అయోడిన్ ఉంటుందని అనుకుంటాం. కానీ మనకు చాలినంత ఉండదు. విడిగా కలపాల్సిందే. అయోడిన్ చాలకపోతే గొంతు దగ్గర వాపు వస్తుంది. దాన్ని గాయిటర్ అంటారు. గర్భిణికి చాలకపోతే ఇంకా ప్రమాదం. కడుపులో బిడ్డ మెదడు సరిగా ఎదగదు. కొందరు బిడ్డలకు చెవుడు, మూగతనం కూడా రావచ్చు. తరవాత ఏ మందు వేసినా ఆ నష్టం పూర్తిగా తీరదు.

ఈ సంగతి మన దేశంలో రుజువు చేసిన డాక్టర్లలో మన తెలుగువాడు ఉన్నాడు. ఆయన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. హిమాలయాల దగ్గర కాంగ్రా లోయ ఉంది. అక్కడ చాలామందికి గొంతు వాపు ఉండేది. 1956లో అక్కడ పని మొదలుపెట్టారు. కొన్ని ఊళ్లకు అయోడిన్ కలిపిన ఉప్పు ఇచ్చారు. కొన్ని ఊళ్లకు మామూలు ఉప్పు ఇచ్చారు. అయోడిన్ ఉప్పు తిన్న ఊళ్లలో కొన్నేళ్లకు వాపు బాగా తగ్గింది.

అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మకూడదని 2006 మే నుంచి దేశమంతటా నిబంధన ఉంది. అయినా విడి ఉప్పు అమ్ముతూనే ఉన్నారు. ఉప్పు మళ్ల పక్క ఊళ్లలో అయితే చాలామంది కొనరు కూడా. మడిలోంచే తెచ్చుకుంటారు. ఉప్పు మోసే తల్లికే అయోడిన్ అందకపోతే ఎలా?

కళ్లుప్పే కావాలంటే అయోడిన్ కలిపిన కళ్లుప్పు దొరుకుతుంది. దాన్ని మాత్రం కడగకండి. కడిగితే అయోడిన్ నీళ్లలో పోతుంది. ఉప్పును మూత ఉన్న డబ్బాలో పోయండి. పొయ్యి పక్కన, తడి తగిలే చోట పెట్టకండి. కూర ఉడికాక ఉప్పు వేస్తే ఇంకా మంచిది.

పొట్లం మీద పేరు ఒక్కోసారి ఇంగ్లీషులోనే ఉంటుంది. అప్పుడు నవ్వే సూర్యుడి బొమ్మ ఉందేమో చూడండి. బొమ్మ లేకపోతే "అయోడిన్ కలిపిందేనా?" అని కొట్టువాణ్ణి అడగండి. తయారైన నెల, ఏడాది అంకెల్లో ఉంటాయి. అంకెలు మీకు వచ్చు కదా! పాత పొట్లం వద్దనండి.

రేపు వచ్చేటప్పుడు మీ ఇంట్లో ఉన్న ఉప్పు పొట్లం తీసుకురండి. అందరం కలిసి చదువుదాం.