చిత్తు పుస్తకం చింపకండి

వేదిక మీదున్న పెద్దల పేర్లూ హోదాలూ ఆహ్వానపత్రికలో అచ్చయ్యాయి కాబట్టి మళ్లీ చదవను. వెనక వరసల్లో కూర్చున్న మీ అమ్మానాన్నలు తెల్లవారుజామున బయల్దేరి వచ్చినవాళ్లు, వాళ్ల ఓపికకు కూడా హద్దుంటుంది. పట్టాలు అందుకోబోతున్న మీ అందరికీ అభినందనలు. మర్యాదలు అయిపోయాయి.

నా పరిశోధన క్యూ-శ్రేణుల మీద. ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు మా నాన్నగారు దిగులుపడ్డారు. ఆయనకు ఊళ్లో కిరాణా కొట్టు. ఆయనకు తెలిసిన క్యూలు రెండే, కిరోసినుదీ తిరుమలదీ. ఓసారి కొండ మీద కంపార్టుమెంటులో ఐదు గంటలు కూర్చున్నాక నావైపు తిరిగి, "ఒరే, నీ చదువు దీనికేమైనా పనికొస్తుందా?" అని అడిగారు. రాదు నాన్నా అన్నాను. పక్కనున్నాయన నావైపు జాలిగా చూశాడు.

మాకు క్యూ అంటే ఒక అక్షరం, అంతే. నాలుగు జామకాయలున్నాయనుకోండి, కుప్పలు పోయాలి. నాలుగూ ఒకే కుప్ప, మూడూ ఒకటీ, రెండూ రెండూ, రెండూ ఒకటీ ఒకటీ, లేదా నాలుగూ విడివిడిగా. మొత్తం 5 రకాలు. ఐదు కాయలైతే 7 రకాలు. వంద కాయలైతే 19,05,69,292 రకాలు. ఈ సంఖ్యలన్నిటినీ క్యూ ఘాతాలకు గుణకాలుగా తగిలిస్తే ఒక శ్రేణి వస్తుంది. ఇంగ్లండులో మేజర్ మెక్‌మాన్ అనే ఆయన 200 దాకా ఈ విలువలు చేత్తో కట్టి పట్టిక వేశాడు. చివరిది 13 అంకెల సంఖ్య. ఆ పట్టిక చాలామంది చూశారు. రామానుజన్ చూసినప్పుడు మాత్రం 4, 9, 14, 19 దగ్గర కళ్లు ఆగాయి. అక్కడి విలువలు 5, 30, 135, 490. అన్నీ ఐదు గుణిజాలే. ఐదేసి చొప్పున ఎంతదూరం పోయినా అంతే. 7కీ 11కీ కూడా ఇలాంటివే దొరికాయి ఆయనకు.

ఇప్పుడు నా సంగతి. 1987, రామానుజన్ శతజయంతి ఏడాది. ఒక క్యూ-శ్రేణుల సదస్సులో నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఈ విలువల్లో ఏవి సరి, ఏవి బేసి అన్నదానికి ఒక సూత్రం కనిపెట్టానని నా నమ్మకం. కొత్త చొక్కా వేసుకుని ప్రొజెక్టరు మీద పట్టిక పెట్టాను. ముందు వరసలో ఒక పెద్దాయన చెయ్యెత్తారు.

"బాబూ, 29ని ఐదుతో భాగిస్తే శేషం ఎంత?"

"నాలుగండి."

"మరి దాని ఎదురుగా 4568 వేశావేం?"

హాలంతా నవ్వింది. ఐదు గుణిజం ఎనిమిదితో ముగియదని మూడో తరగతి పిల్లాడికీ తెలుసు. నా కూడికలో తప్పును రామానుజనే స్వయంగా వచ్చి పట్టుకున్నట్టయింది.

ఆ రాత్రి గదిలో చిత్తు పుస్తకం తీశాను. ఆయిలర్ పద్ధతిలో 29 విలువ కావాలంటే 28, 27ల విలువలు కలపాలి, 24, 22లవి తీసెయ్యాలి, 17, 14లవి కలపాలి, 7, 3లవి తీసెయ్యాలి. కొట్టివేతల మధ్య వరసగా చూసుకుంటూ వచ్చాను. అన్నీ ఉన్నాయి, చివరిది లేదు. మూడు కాయల విలువ మూడు, అది తీసెయ్యడం మరిచాను. రావాల్సింది 4565. అక్కణ్నుంచి ప్రతి విలువా ముందువాటి మీద ఆధారపడేదే కనక పట్టికంతా చెడింది, దాంతో నా సూత్రమూ పోయింది.

ఇప్పుడు తిట్లు మొదలు. మీ ప్రాజెక్టు రిపోర్టులు చూశాను. స్పైరల్ బైండింగు, రంగుల గ్రాఫులు, ఒక్క కొట్టివేత లేదు. చిత్తు ఏదమ్మా అంటే "డిలీట్ చేసేశాం సార్" అంటారు. దాన్ని చూసి సిగ్గుపడ్డట్టే చెబుతారు కూడా. ఎక్కడ తప్పావో తెలియకపోతే మళ్లీ అక్కడే తప్పుతావు కదా! రామానుజన్ పలక మీద చేసి మోచేత్తో తుడిచేసేవాడు కదండీ అని ఎవరో గొణుగుతున్నారు, వినిపించింది. కాగితం కొనలేక తుడిచాడయ్యా. ఆయన నిరూపణలు రాయకుండా వదిలిన నోటుబుక్కుల్లో ఫలితాలను ఒక్కొక్కటీ సాధించుకుంటూ రావడానికి గణితవేత్త బ్రూస్ బెర్న్‌ట్ లాంటివాళ్లకు దశాబ్దాలు పట్టింది. మీ ఫైళ్ల కోసం అంత ఓపిక ఎవరికుంటుంది?

చిత్తును దాచుకోవడమే కాదు, అచ్చేసినవాడూ ఉన్నాడు. 1944లో డైసన్ అనే ఇరవై ఏళ్ల కుర్రవాడు కేంబ్రిడ్జి విద్యార్థుల పత్రికలో ఒక వ్యాసం రాశాడు. రామానుజన్ చెప్పిన ఐదు, ఏడు గుణిజాల సంగతులకు కారణమనిపించే ఒక కొలత తన దగ్గర ఉందన్నాడు, దాన్నీ నిరూపించలేదు. 11 దగ్గర అది పనిచెయ్యలేదు. అక్కడ వేరే కొలత ఏదో ఉండి తీరాలని, అదేమిటో తెలియకుండానే దానికి 'క్రాంక్' అని పేరు పెట్టేశాడు. బిడ్డ పుట్టకముందే బారసాల! 1987 జూన్‌లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రామానుజన్ సదస్సు జరిగింది. (నేను వెళ్లలేదు, విమానం టిక్కెట్టుకు డబ్బెక్కడిది!) అది ముగిసిన మర్నాడు, 6వ తేదీన, అక్కడి విద్యార్థుల హాస్టల్లో ఆండ్రూస్, గార్వన్ అనే గణితవేత్తలకు ఆ క్రాంక్ దొరికింది. 43 ఏళ్లు.

మనవాడూ ఒకడున్నాడు. అప్పటి గుంటూరు జిల్లా యాజలిలో పుట్టి కెనడాలో ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో పనిచేసిన మతుకుమల్లి వెంకట సుబ్బారావుగారు. నేను బొక్కబోర్లా పడ్డ ఆ సరి-బేసి చోటే ఆయన 1966లో ఒక ప్రశ్న వేశారు. 4, 9, 14, 19 లాంటి ఏ అంకశ్రేఢి తీసుకున్నా ఆ స్థానాల్లో సరి విలువలూ బేసి విలువలూ రెండూ అంతులేకుండా వస్తాయా? వస్తాయనే ఆయన ఊహ, నిరూపణ లేదు. సరి సగం 1996లో ఓనో అనే గణితవేత్త తేల్చాడు, బేసి సగం 2012లో రాడు అనే ఆయన తేల్చాడు. అప్పటికి సుబ్బారావుగారు పోయి ఆరేళ్లు. నేనైతే నిరూపణ లేదు కదా అని ఆ కాగితం డ్రాయరులో దాచేసేవాణ్ని.

నేను నవ్వులపాలైన ఆ సదస్సు తర్వాత సెలవులకు ఇంటికెళ్లి నాన్నగారికి జరిగింది చెప్పాను. ఆయన చిట్టా రాసుకుంటున్నారు. అందులో పేజీ చింపడం ఉండదు. తప్పు పడితే ఒక గీత కొట్టి పక్కన రాస్తారు, కింది అంకె కనపడుతూనే ఉంటుంది. కళ్లజోడు తీసి అడిగారు.

"ఎంత తేడా వచ్చింది?"

"మూడు."

"తియ్యాల్సింది తియ్యలేదా? అయితే ఎవరిదో మూడు రూపాయలు నీ దగ్గర ఎక్కువ ఉండిపోయినట్టురా. ఎవరిదో కనుక్కుని ఇచ్చెయ్."

ఎవరికివ్వాలో ఇప్పటికీ తేలలేదు. ఇక లేవండి, పట్టాలు పుచ్చుకోండి, అవతల భోజనాలు చల్లారిపోతున్నాయి.