రాబడి అటు, బోర్లు ఇటు

(తనకల్లు సభలో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్ల మీద, నిధుల మీద ఎన్నో సభలు పెట్టుకున్నాం. ఈరోజు కరెంటు గురించి మాట్లాడతా. ఇక్కడ సేద్యమంటే బోరు, బోరంటే కరెంటు.

1959లో పుట్టిన విద్యుత్ బోర్డును 1998 సంస్కరణల చట్టంతో ముక్కలు చేశారు. 2000 ఏప్రిల్‌లో నాలుగు పంపిణీ కంపెనీలొచ్చాయి. చార్జీల పెంపుపై జనం తిరగబడితే ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో తుపాకులు పేలాయి. ఆ గొడవలో మనం పట్టించుకోని గీత ఒకటుంది. చిత్తూరు, కడపలను తిరుపతి కంపెనీలో ఉంచి, అనంతపురం, కర్నూలును హైదరాబాద్ కంపెనీకి కట్టేశారు. ఇక్కడి నుంచి ములకలచెరువుకు పోతే రోడ్డు ఒకటే, కరువూ ఒకటే, కంపెనీలు మాత్రం రెండు!

అయితే ఉన్నమాట చెప్పుకోవాలి. దాంట్లో మనకొక లాభం ఉండింది. హైదరాబాద్ ఫ్యాక్టరీలు, ఆఫీసులు కట్టే ఎక్కువ రేటు మన పంపుసెట్ల భారాన్ని కొంత మోసేది. దీన్నే క్రాస్ సబ్సిడీ అంటారు. 2014లో రాష్ట్రం విడిపోయి ఆ రాబడి పోయింది. మన రెండు జిల్లాలను తిరుపతి కంపెనీలో కలిపారు. సీమంతా ఒక్కటైందని సంబరపడినవాళ్లలో నేనూ ఉన్నా. ఆరేళ్లయినా నిండలేదు, 2020 ఏప్రిల్ నుంచి కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలను విడదీసి విజయవాడలో కొత్త కంపెనీ పెట్టారు. విజయవాడ, గుంటూరు బిల్లులు అటు పోయాయి. నెల్లూరుతో పాటు సీమ బోర్లు ఇటు మిగిలాయి. రెండుసార్లూ మనల్ని అడిగిందెవరు?

ఉచిత కరెంటుకు ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది కదా అంటారు. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ఆ డబ్బు ముందే చెల్లించాలి. ఆలస్యమైతే కంపెనీ అప్పు తెచ్చుకోవాల్సిందే. వడ్డీ పెరిగేకొద్దీ లైన్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు పెట్టే డబ్బు తగ్గుతుంది. బోర్లు ఎక్కువున్న కంపెనీకే ఈ దెబ్బ ఎక్కువ.

మన పక్కనే నంబులపూలకుంట. 1500 మెగావాట్ల సోలార్ పార్కన్నారు. 2016లో ఎన్టీపీసీ 250 మెగావాట్లు తయారుచేసింది. ఎండ మనది, నేల మనది. గ్రిడ్ ఎక్కిన కరెంటుకు ఊరుండదు, నిజమే. మరి దాని రాబడిలో ఈ పల్లెలకు వాటా ఎందుకుండదు?

రేపు ప్రత్యేక రాయలసీమ వచ్చినా ఈ బోర్ల లెక్క మన నెత్తినే ఉంటుంది. నినాదంతో ఇది తీరదు. విద్యుత్ నియంత్రణ మండలి చార్జీల మీద బహిరంగ విచారణ జరుపుతుంది. అక్కడ సీమ నుంచి రాతపూర్వక అభ్యంతరాలు కుప్పలుగా పడాలి. ఉద్యోగ మిత్రులు కంపెనీల నివేదికలు తెప్పించండి. విద్యార్థులు వాటిని తెలుగులో పెట్టండి. రైతుల సంతకాలు సేకరించే పని మేం చూసుకుంటాం.