పినియన్ ఒక్కటే మారిస్తే ఊళ ఎందుకు?

డబ్బులు మిగులుతాయని మా బాబాయ్ లారీకి పినియన్ ఒక్కటే మార్పించాడు. హైవే ఎక్కగానే వెనక యాక్సిల్ నుంచి ఒకటే ఊళ. పార్ట్ కొత్తదే, మరి తప్పెక్కడ?

క్రౌన్, పినియన్ పళ్లు కోశాక, గట్టిపడాలని బాగా కాల్చి నూనెలో ముంచుతారు. ఆ దెబ్బకి పళ్లు కాస్త వంగుతాయి. అంత గట్టిపడ్డాక మామూలు కట్టర్ దిగదు. గ్రైండింగ్ చేయొచ్చు, ఖర్చెక్కువ. అందుకే చాలావాటికి ల్యాపింగ్ చేస్తారు. రెండింటినీ జత కలిపి, మధ్యలో రాపిడి పొడి కలిపిన నూనె పోస్తూ తిప్పుతారు. ఒకదాని పళ్లు ఇంకోదాన్ని అరగదీస్తాయి. అంటే ఆ పినియన్ ఆ క్రౌన్‌కే జోడీ! అందుకే రెండింటి మీదా ఒకే సెట్ నంబర్ వేస్తారు.

బీటెక్‌లో ల్యాపింగ్ డెఫినిషన్ బట్టీ కొట్టా, ఇది మాత్రం తెలీదు. బాబాయ్ చివరికి సెట్ మొత్తం కొన్నాడు, లేబర్ రెండోసారి కట్టి మరీ. మీ బండి విప్పినప్పుడు ఆ నంబర్లు ఫొటో తీసి కామెంట్‌లో పెట్టండి, చూద్దాం.