ఇంటి ధర, చేతి పైకం
(ఉగాది సందర్భమున తీర్థమలైలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు పంచాంగం విప్పగానే మనం ముందుగా వినగోరేది ఆదాయ వ్యయాలు. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని సిద్ధాంతిగారు చదువుతూ వుంటే పిల్లలు సయితం చెవి వొగ్గుతారు. ఆ లెక్క మన చేతిలో లేదు. మేము ఈ సభలో చెప్పదలచినది మన చేతిలో వున్న లెక్క. ఇల్లు కొనే కుటుంబం, క్రయపత్రం చేతికి వచ్చేలోగా, తన సొంత పైకంలో నుంచి ఎంత తీయవలసి వస్తుంది?

తీర్థగిరీశ్వరుని కొండ నీడను, ఈ అరూరు తాలూకా గ్రామాలలోను, మనవారు కొందరు తరతరాలుగా వున్నారు. కొందరు ఉద్యోగ వ్యాపారాలకై తరువాత వచ్చారు. అద్దె ఇంట్లో ఎన్నేళ్లు వున్నా పరాయి వూరనే భావం పోదు. సొంత గడప కావాలనే కోరిక మనకు మరి కాస్త గట్టిగా వుంటుంది. కోరిక గట్టిదయితే లెక్క తొందరగా ముగుస్తుంది. ఇంటి ధర అడుగుతారు, బ్యాంకు ఎంత అప్పిస్తుందో అడుగుతారు, ఆ రెంటి తేడా తమ దగ్గర వుంటే చాలుననుకొంటారు. చిక్కంతా అక్కడే.

ఇరవై లక్షల ఇల్లు అనుకొందాం. ముప్పై లక్షల వరకు గల గృహ ఋణాలకు విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చునని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ ప్రకారం 18 లక్షలు అప్పు, మన చేతి నుంచి 2 లక్షలు. అయితే తమిళనాడులో క్రయానికి స్టాంపు సుంకం 7 శాతం, రిజిస్ట్రేషను రుసుము 2 శాతం. అంటే 1,40,000, 40,000, వెరసి 1,80,000 రూపాయలు. పది లక్షలు దాటిన ఇంటికి ఈ ఖర్చును ఇంటి విలువలో చేర్చి అప్పివ్వకూడదని కూడా రిజర్వు బ్యాంకు చెప్పింది. కాబట్టి మనకు కావలసినది 2 లక్షలు కాదు, 3,80,000. దాదాపు రెట్టింపు!

అంతటితో ఆగదు. తొంభై శాతమనేది పైహద్దు. అది మన హక్కు కాదు. పైగా బ్యాంకు తన మదింపుదారుని పంపి చూపించుకొంటుంది. మనం ఇరవైకి బేరం చేసిన పాత ఇంటిని ఆయన పదిహేడు లక్షలని వ్రాస్తే, అందులో 90 శాతం 15,30,000 మాత్రమే. మిగిలిన 4,70,000, దానిపై సుంకం రుసుములు 1,80,000, మొత్తం 6,50,000 మన పెట్టెలో నుంచి రావాలి. రెండు లక్షలు చూసుకొని బయలుదేరిన సంసారి ఇక్కడ ఏం చేస్తాడు? ఇల్లాలి గాజులు తాకట్టుకు పోతాయి, లేదా నూటికి మూడు రూపాయల వడ్డీకి చేబదులు వస్తుంది. బ్యాంకు వాయిదా ఒక ప్రక్క, ఈ వడ్డీ ఒక ప్రక్క. పిల్లల చదువు మధ్యలో నలిగిపోతుంది.

అందుకే సంచకారం విషయంలో మేము మరీ మరీ చెప్పేది, బ్యాంకు మదింపు తేలకముందు పెద్ద మొత్తం ఇవ్వవద్దు. అమ్మేవారు తొందరపెడతారు, వేరొకరు వచ్చి చూసి వెళ్లారంటారు. అననీయండి. అప్పు మంజూరు కాకపోయినా, పత్రాలలో దోషం బయటపడినా సంచకారం తిరిగి ఇవ్వాలనే షరతు అగ్రిమెంటులో వ్రాయించండి. అది లేకుంటే, గడువులోగా మిగతా పైకం తేలేనివారికి ఇచ్చినది వెనక్కు రావడం కష్టం. ఇరవై వేలు గాని అంతకు మించి గాని నగదుగా తీసుకోవడం 2015 జూన్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది గనుక, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఋజువు కూడా మనకే మిగులుతుంది.

ఇక దస్తావేజులో ధర తగ్గించి వ్రాసే సంగతి. ఇది తెలివి అని చెప్పేవారు ప్రతి వూళ్లోనూ వున్నారు. చట్ట విరుద్ధమనే మాట అటుంచినా, లెక్కలోనే ఇది తెలివితక్కువ. వ్రాసిన ధరను చూసే బ్యాంకు అప్పిస్తుంది. ధర తగ్గితే అప్పు తగ్గి చేతి పైకం పెరుగుతుంది. ప్రభుత్వపు మార్గదర్శక విలువకంటె తక్కువ వ్రాస్తే స్టాంపు చట్టం 47-ఎ సెక్షను క్రింద విచారణకు పోవచ్చును. రేపు తగవు వస్తే, తిరిగి అడగగలిగేది కాగితంపై వున్నదే.

శాతాలను మాత్రమే చూసి మోసపోవద్దు. 2017 జూన్‌లో మార్గదర్శక విలువలను 33 శాతం తగ్గించి, రుసుమును 1 నుంచి 4 శాతానికి పెంచారు. 2023లో విలువలను పూర్వస్థితికి తెచ్చి రుసుమును 2 శాతం చేశారు. 11 శాతం 9 శాతమయిందని సంతోషించినవారు గుణించి చూడలేదు. పది లక్షలకు 11 శాతం 1,10,000. అదే ఆస్తి విలువ పదిహేను లక్షలని లెక్కిస్తే 9 శాతం 1,35,000. కనుక బేరానికి ముందే ఆ సర్వే నెంబరుకు నేటి విలువ ఎంతో తెలుసుకోవాలి.

పత్రాల పరీక్షకు తీసి వుంచే సొమ్ములో మాత్రం పిసినారితనం పనికిరాదు. ఇక్కడి దస్తావేజులు తమిళంలో వుంటాయి. మన ఇండ్లలో తెలుగు మాట్లాడేవారు చాలమంది తమిళం ధారాళంగా మాట్లాడతారు గాని పాత పత్రాల తమిళం చదవలేరు. క్రయం, పట్టా, విల్లంగం అన్నవి రెండు భాషలకూ చుట్టాలే గనుక అంతా తెలిసినట్లే వుంటుంది. సరిహద్దుల వాక్యం దగ్గరికి వచ్చేసరికి తెలియదు. విల్లంగ సర్టిఫికెట్టు, మూలపత్రం, పట్టా, ఇంటిపన్ను రసీదు, ఈ నాలుగూ అమ్మేవారు కాక మనం నియమించిన వకీలు చదవాలి. కొత్త ప్లాటయితే అనుమతి పొందిన లేఅవుటా అని అడగాలి. అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషనును 2016 సెప్టెంబరు 9న మద్రాసు హైకోర్టు ఆపివేసింది. 2017లో క్రమబద్ధీకరణకు నియమాలు వచ్చాయి. ఆ రుసుము ఎవరు కట్టాలో తేల్చుకోకపోతే అది కొన్నవారి నెత్తిమీదే పడుతుంది. బ్యాంకు పరిశీలన రుసుము, పత్రాలు బ్యాంకులో వుంచినందుకు నమోదు ఖర్చు, దస్తావేజు వ్రాతకూలి, పట్టా మార్పు, కరెంటు పేరు మార్పు, ఇవన్నీ విడివిడిగా చిన్నవే. కలిపి కూడి చూడండి.

చిన్న ఇల్లు కొనేవారికి కొంత వెసులుబాటు వున్నది. పది లక్షల లోపు ఆస్తిని స్త్రీ పేర రిజిస్టరు చేస్తే, 2025 ఏప్రిల్ 1 నుంచి రుసుములో 1 శాతం తగ్గింపు ఇస్తున్నారు. పది లక్షలకు పదివేలు మిగిలినట్లే. ఇల్లు ఇల్లాలి పేర వుండడం ఆ పదివేల కోసమే కాకుండానూ మంచిదని మా అభిప్రాయం. పది లక్షలు మించని ఇంటికి సుంకం రుసుములను కూడా విలువలో చేర్చి అప్పు లెక్కించవచ్చునని రిజర్వు బ్యాంకు 2015లో సడలించింది. అడిగితే గాని ఈ మాట చెప్పరు. తండ్రి ఇంటినే కొడుకో కూతురో తీసుకొనేట్లయితే క్రయం అక్కరలేదు. కుటుంబంలో సెటిల్‌మెంటు పత్రానికి సుంకం 1 శాతమే, దానికీ ఒక పైహద్దు వున్నది.

మరి ఇంత లెక్క వేసి చూస్తే పైకం చాలకపోతే? అయితే ఒక సంవత్సరం ఆగడమో, పదహారు లక్షల ఇంటిని వెతకడమో మేలు. కొన్న తరువాత కూడా మూడు నెలల వాయిదాలకు సరిపడే సొమ్ము ముట్టుకోకుండా వుండాలి. ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చినా, జీతం ఒక నెల ఆలస్యమయినా, బ్యాంకు తేదీ ఆగదు.

చివరగా గృహప్రవేశం. ముహూర్తం కుదిరిందని, ఆషాఢం వచ్చేస్తున్నదని, మనవారు మూడువందల విస్తళ్లకు అప్పు చేయడం మేము చూస్తూనే వున్నాము. పాలు పొంగించడానికి ఒక గిన్నె, ఒక పొయ్యి చాలు. భోజనాలు మరుసటి ఉగాదికి పెట్టుకొన్నా చుట్టాలు రాక మానరు.