విద్యార్థుల రోబో పోటీలు: వెనుకబడిన జట్లు

విద్యార్థులు తమ చేతులతో రోబోలను నిర్మించి ఆటలో దింపు పోటీలు అమెరికాలో మూడు దశాబ్దములకు పైగా సాగుచున్నవి. డీన్ కామెన్ 1989లో స్థాపించిన 'ఫస్ట్' అను సంస్థ 1992లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రమున జరిపిన తొలి పోటీకి వచ్చినవి 28 జట్లు మాత్రమే. నేడవి వేలకొలదిగా పెరిగినవి. ఆ దేశమున స్థిరపడిన మన తెలుగువారి పిల్లలును వీనిలో పాల్గొనుచున్నారు.

అయితే ప్రతి పోటీలోను కొన్ని జట్ల యంత్రములు కదలక మైదానము నడుమ నిలిచిపోవుచుండును. వారాల శ్రమ రెండున్నర నిముషములలో వ్యర్థమైనట్లు తోచి పిల్లలు క్రుంగిపోవుదురు. అట్టివారికొరకు పోటీని సులభము చేయవలెనా? కష్టమే గురువు, దానిని తగ్గించిన విద్యయే తగ్గునని కొందరందురు. పనిముట్లు లేని పిల్లలకు ఓటమి నేర్పునది నిరాశ తప్ప వేరు లేదని మరికొందరందురు.

ఈ కష్టము రెండు విధములని గుర్తించిన చిక్కు కొంత విడును. సమస్యలోనే ఉన్న కష్టము ఒకటి. బంతిని గురి తప్పక విసరుట ఎట్లు, బరువును పైకెత్తుట ఎట్లు అనునది. ధనము, పనిముట్లు, మార్గము చూపు ఇంజనీర్లు లేకపోవుట రెండవది. మొదటిది బుద్ధికి పదును పెట్టును. రెండవది పిల్లలను గడప యవతలనే నిలిపివేయును. తగ్గింపవలసినది ఈ రెండవదానినే యని మేము తలంతుము.

2019 వరకు ఒక నియమముండెను. సుమారు ఆరు వారములు గడువగానే జట్లు తమ రోబోను సంచిలో పెట్టి ముద్ర వేయవలెను. చూచుటకిది అందరికి సమానమే. కాని కలిగిన జట్లు రెండవ రోబోను చేసికొని దానిపై సాధన సాగించెడివి. పేదజట్టుకున్న ఒక్క రోబో సంచిలోనే ఉండెడిది. 2020 పోటీలనుండి ఆ నియమమును తొలగించిరి. గడువుతోపాటు పిల్లలకును ఉపాధ్యాయులకును విశ్రాంతియు పోవునని శంకించినవారును లేకపోలేదు. ఆ శంకయు త్రోసివేయదగినది కాదు.

ఆటను కూర్చుటలోను ఈ వివేకము చూపవచ్చును. 2013 ఆటలో రోబోలు ఒక పిరమిడ్ చట్రమునెక్కవలెను. మొదటి అంతస్తునకు 10, రెండవదానికి 20, మూడవదానికి 30 పాయింట్లు. క్రింది మెట్టు సామాన్యజట్టుకును ఆశ కల్పించినది. పైమెట్టు ఉద్దండులకును పరీక్షయే. 2014లో మూడు రోబోల కూటమి పెద్ద బంతినొకటి గోలునకు చేర్చవలెను. ఇద్దరి చేయి పడినచో అదనముగా 10, ముగ్గురి చేయి పడినచో 30 పాయింట్లు. బంతిని అందుకొని వదలగల సామాన్యమైన రోబోకు సైతము దానివలన విలువ కలిగెను. కదలలేని భాగస్వామి వలన బలవంతుడును నష్టపోవును గనుక, పొరుగుజట్టు యంత్రమును బాగుచేయుట అతనికిని లాభమే.

చేయని పనికి పాయింట్లిచ్చుట, పిల్లలు చేయవలసినదానిని పెద్దలే చేసిపెట్టుట మాత్రము సహాయము కాదు. తమపై జాలి చూపుచున్నారని పిల్లలు ఇట్టే గ్రహింతురు. చక్రముల చట్రమును, మోటార్లను ముందుగా అందించుట వేరు. వానితో ఏమి చేయవలెనో ఆలోచించు పనిని కూడ తీసివేయుట వేరు.

కావున మొదటి మెట్టు అందరికి అందుబాటులో ఉండవలెను. చివరి మెట్టు ఎత్తు తగ్గరాదు. మన యిండ్లలోను పోటీనుండి తిరిగివచ్చిన బిడ్డను "గెలిచితివా?" యని అడుగుటకు ముందు, "యంత్రములో నీవు చేసిన భాగమేది? అది పని చేసెనా?" యని అడుగుదము. చెప్పుటకు ఒక భాగమున్న బిడ్డ మరుసటి యేడు మరల పనిముట్టు చేపట్టును.