హాస్టలు నుంచి శాసనసభ దాకా: బొమ్మగాని ధర్మభిక్షం గారి ప్రజాజీవితం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన జిల్లా నాయకుల్లో ఒకరి గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నల్లగొండలో నాయకులకు కొదవ లేదు. పాలమూరు నుంచి వచ్చిన మిత్రులు కూడా తమ జిల్లా పేర్లు చాలా చెప్పగలరు. నేను బొమ్మగాని ధర్మభిక్షం గారిని ఎంచుకున్నాను. ఆయన మూడుసార్లు శాసనసభ్యులు, రెండుసార్లు పార్లమెంటు సభ్యులు. అయితే ఆయన ప్రజాజీవితం మొదలైంది పిల్లల హాస్టలు దగ్గర. బడి పండుగలో చెప్పుకోవడానికి ఇంతకన్నా తగిన జీవితం నాకు కనిపించలేదు.

ఆయన 1922 ఫిబ్రవరి 15న సూర్యాపేటలో గీత కార్మికుల ఇంట పుట్టారు. అప్పుడు మనది నిజాం రాజ్యం. పై తరగతుల చదువంతా ఉర్దూలోనే. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. ఊళ్లో చిన్న బడి దాటితే పట్నమో, తాలూకా కేంద్రమో వెళ్లాలి. వెళ్తే ఉండేదెక్కడ, తినేదెక్కడ? పల్లె పిల్లల చదువు ఎక్కువగా ఆగిపోయింది ఆ రెండు ప్రశ్నల దగ్గరే. హైదరాబాదులో రెడ్డి హాస్టలు వంటివి వెలిసింది అందుకే. సూర్యాపేటలో యువకుడిగా ఉండగానే ధర్మభిక్షం గారు విద్యార్థుల వసతి గృహాన్ని నడిపారు. సర్కారు సాయం లేదు. జనం ఇచ్చిన దానితోనే పొయ్యి వెలగాలి.

హాస్టలు నడపడమంటే ఏమిటో మన గురువులకు తెలుసు. రేపటికి బియ్యం ఉన్నాయా, జ్వరం వచ్చిన పిల్లవాడిని ఎవరు చూస్తారు, ఫీజు కట్టలేనివాడికి ఎవరిని అడగాలి, ఇద్దరు కొట్టుకుంటే ఎవరు సర్దాలి? రోజూ ఇవే లెక్కలు. చందా కోసం గడప గడపా తిరిగిన మనిషికి ఊరి కష్టం దానంతటదే తెలుస్తుంది. ఆయన రాజకీయ పాఠశాల అదే అనుకుంటాను.

అక్కడి నుంచి ఆంధ్ర మహాసభ, తర్వాత కమ్యూనిస్టు పార్టీ. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభతో మన జిల్లా ఉద్యమం రూపు మారింది. సంఘం చదువుకున్నవారి దగ్గర నుంచి రైతు కూలీల దాకా వచ్చింది. వెట్టిచాకిరికి, దొరల గడీలకు, రజాకార్లకు ఎదురు నిలిచిన ఆ కాలంలో ధర్మభిక్షం గారు జైలు పాలయ్యారు. 1951 అక్టోబరులో పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. కొన్ని నెలలకే మొదటి సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి.

ఇప్పటి పిల్లలు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఇక్కడ ఉంది. హైదరాబాదు రాష్ట్రంలో అప్పటికి కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది. అందుకని వాళ్లు ప్రజాస్వామిక ఫ్రంటు, అంటే పీడీఎఫ్ పేరుతో నిలబడ్డారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ గారి కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. సూర్యాపేట నుంచి ముప్పై ఏళ్ల ధర్మభిక్షం గారు హైదరాబాదు శాసనసభకు వెళ్లారు. నిన్నటిదాకా జైలు గోడలు చూసిన మనిషి ఈ రోజు సభలో కూర్చున్నారు.

ఆ సభలో ఎవరెవరున్నారో చూడండి. మొత్తం 175 స్థానాలు. ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు గారు పాలమూరు జిల్లా షాద్‌నగర్ నుంచి గెలిచారు. వనపర్తి నుంచి గోల్కొండ పత్రిక సురవరం ప్రతాపరెడ్డి గారు. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి గారు. కాంగ్రెసు అటు, పీడీఎఫ్ ఇటు. రక్షిత కౌలుదారు అన్న మాట మన పల్లెల్లో స్థిరపడింది ఆ ఏళ్లలోనే. 1950 నాటి కౌలుదారీ చట్టానికి 1954లో సవరణ వచ్చింది. మన తాతల ట్రంకు పెట్టెల్లో ఉండే 38-ఇ సర్టిఫికెట్టు దాని నుంచి వచ్చిందే. బయట పోరాటం అడిగిన దానిలో కొంతైనా చట్టంగా మారాలంటే లోపల అడిగేవాళ్లూ ఉండాలి. ఆ తరం ఆ రెండు పనులూ చేసింది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆంధ్ర ప్రాంతంలో 1955లోనే ఎన్నికలు అయినందున 1957లో శాసనసభకు ఓట్లు వేసింది ఒక్క తెలంగాణ వాళ్లే. ఆ ఎన్నికలో ధర్మభిక్షం గారు నకిరేకల్ నుంచి గెలిచారు. 1962లో కమ్యూనిస్టు పార్టీ పేరుతోనే నల్లగొండ నుంచి గెలిచారు. సూర్యాపేట, నకిరేకల్, నల్లగొండ. మూడు ఎన్నికలు, మూడు నియోజకవర్గాలు. ఈ రోజుల్లో ఒక సీటును ఇంటి ఆస్తిలా చూసుకోవడం, దాన్ని కొడుకుకో అల్లుడికో అప్పగించడం మనం చూస్తున్నాం. ఆయనకు అట్లా సొంత సీటంటూ లేకుండా పోయింది. ఎక్కడ నిలబెట్టినా జనం మనవాడే అనుకున్నారు.

1962 గెలుపు తర్వాత మళ్లీ ఆయన చట్టసభకు ఎన్నికైంది 1991లో. నడుమ ఇరవై తొమ్మిదేళ్లు! నాయకుల జీవిత చరిత్రలు రాసేవాళ్లు సాధారణంగా ఇట్లాంటి ఏళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తారు. నా దృష్టిలో ఆయన్ని కొలవవలసింది ఆ ఏళ్లతోనే. ఎమ్మెల్యే అన్న బోర్డు లేనప్పుడు ఆ మనిషి ఏం చేశాడు?

గీత కార్మికుల మధ్య ఉన్నారు. గీత పనివారల సంఘానికి పునాది వేసింది ఆయనే. ఇక్కడున్న గౌడ సోదరులకు నేను వివరించనక్కర లేదు. మోకు, ముత్తాదు కట్టుకుని, నడుముకు కత్తి పెట్టుకుని నలభై యాభై అడుగుల తాడు ఎక్కేవాడు దిగేదాకా ఇంట్లో వాళ్లకు నిమ్మళం ఉండదు. కాలు జారితే ప్రాణం పోతుంది, లేదంటే నడుము విరిగి మంచాన పడతాడు. అంత చేసినా పాత అబ్కారీ పద్ధతిలో చెట్టు అతనిది కాదు. వేలంలో పాడుకున్న గుత్తేదారుది. గీసేవాడు కూలివాడు. చెట్టు మీద హక్కు గీసేవాడికే ఉండాలని, సొసైటీలు కావాలని, చెట్టు మీద నుంచి పడినవాడి కుటుంబాన్ని సర్కారు ఆదుకోవాలని సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడాయి. ఇప్పుడు కల్లుగీత సొసైటీలు, గీసేవాడి పేరున చెట్టు లైసెన్సు, ప్రమాదానికి పరిహారం ఉన్నాయంటే అవి ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. పరిహారం సమయానికి అందడం లేదన్న బాధ ఇంకా ఉంది. అది వేరే సంగతి కాదు, అదే పోరాటంలో మిగిలిన భాగం.

1991లో నల్లగొండ ప్రజలు ఆయన్ని లోక్‌సభకు పంపారు. తర్వాత వచ్చిన 1996 ఎన్నిక దేశం అంతా చెప్పుకున్నది. జల సాధన సమితి పిలుపుతో ఫ్లోరైడు బాధితులు, రైతులు నల్లగొండ స్థానానికి గుంపులుగా నామినేషన్లు వేశారు. చివరికి బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ కాగితం పుస్తకమయింది. పోలింగు వాయిదా పడింది. అప్పటికి లోక్‌సభ డిపాజిట్టు 500 రూపాయలే. ఆ ఏడాదే దాన్ని 10,000 రూపాయలు చేశారు. పేదవాడు అభ్యర్థిగా నిలబడి నిరసన చెప్పే దారి అట్లా ఇరుకైపోయింది.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు నుంచి వచ్చినవాళ్లకు ఆ నామినేషన్ల అర్థం తెలుసు. పిల్లల పళ్లు గారపట్టి, పెద్దల నడుములు వంగి, మెడ తిప్పలేని స్థితి. నీళ్లే విషమైతే మనిషి ఎవరితో చెప్పుకోవాలి? ఆ 480 మందిలో గెలిచింది ధర్మభిక్షం గారే. అప్పటికి ఆయనకు 74 ఏళ్లు. ఆ గెలుపును ఒట్టి మెచ్చుకోలుగా చూడలేం. నాయకులందరి మీదా జనం వేసిన నిందను కూడా ఆయనే మోసుకుని ఢిల్లీకి వెళ్లాలి. కేంద్రంలో ఆయన పార్టీ మొదటిసారి మంత్రివర్గంలో చేరింది. కానీ 1997 డిసెంబరులోనే ఆ లోక్‌సభ రద్దయింది. నీళ్ల సమస్య ఆయన పదవీకాలంలో తీరలేదు. ఈ మాట దాచిపెడితే ఆయనకు గౌరవం పెరగదు.

తర్వాత కృష్ణా నీళ్లు కొన్ని ఊళ్లకు చేరాయి. 2015లో చౌటుప్పల్ దగ్గర మిషన్ భగీరథ పైలాన్‌కు పునాది పడింది. కానీ శ్రీశైలం నుంచి నల్లగొండకు నీళ్లు తేవలసిన ఎడమగట్టు సొరంగం పాలమూరు వైపు అమ్రాబాద్ కొండల కింద ఇంకా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఆ సొరంగం కూలి, పొట్టకూటి కోసం దూర రాష్ట్రాల నుంచి వచ్చిన వాళ్లతో కలిపి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. మన గొంతు తడపడానికి జరుగుతున్న పనిలో పోయిన ప్రాణాలవి. 1996లో జనం అడిగిన ప్రశ్న ఇంకా మూతపడలేదు.

2011 మార్చి 26న ధర్మభిక్షం గారు కన్నుమూశారు. పదవుల ఏళ్లు లెక్క పెడితే ఆయన పేరు ఒక జాబితాలో ఒక వరుస. హాస్టలు, జైలు, తాళ్లవనాలు, గీత సంఘం కూడా కలిపితేనే అది జీవితం అవుతుంది.

ఇక మన సంగతి. స్వర్ణోత్సవ నిధితో బడి ముందు కమాను కట్టాలని కొందరు మిత్రులు అంటున్నారు. వాళ్ల ప్రేమను నేను తక్కువ చేయను. ఒక్క మాట మాత్రం కమిటీ ముందు పెడుతున్నాను. మన బడిలో ఇప్పటికీ హాస్టలు నుంచి, అద్దె గదుల నుంచి వచ్చే పిల్లలున్నారు. తాడు మీద నుంచి పడిన తండ్రుల పిల్లలున్నారు. పదో తరగతి అయ్యాక దూరమని, ఖర్చని చదువు మానిపించే ఆడపిల్లలున్నారు. కమాను చిన్నదిగా కట్టి, మిగిలిన డబ్బు బ్యాంకులో వేసి, దాని వడ్డీతో ఏటా కొందరు పిల్లల వసతి ఖర్చు మన సంఘం భరించవచ్చు. ఎవరికి ఇవ్వాలో బడిలోని గురువులే చెప్పాలి. లెక్క ఏటా జనరల్ బాడీలో అందరి ముందు చదవాలి.

మనలో ఎవరికీ ఎమ్మెల్యే పదవి లేదు. సూర్యాపేటలో హాస్టలు నడిపిన రోజున ధర్మభిక్షం గారికీ లేదు. ఈ సాయంత్రం జరిగే జనరల్ బాడీలో ఈ విషయం చర్చకు తీసుకోవాలని అధ్యక్షుల వారిని కోరుతున్నాను.