సోమవారం ఆగదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరుగా నా అనుభవాలు చెప్పమన్నారు. కానీ పొద్దున్న వరండాలో టీ తాగుతూ మా బ్యాచ్ వాళ్లం మాట్లాడుకున్నది ఉద్యోగాల గురించి కాదు. 'మీ అమ్మ ఎవరి దగ్గరుంటోంది? నాన్నకెలా ఉంది?' అనే. నేనూ అదే చెబుతాను.

మాది ఉద్దానం. నాన్నకి కిడ్నీ జబ్బు. సోమ, గురువారాలు పలాసలో డయాలసిస్. నేను పుణేలో, తమ్ముడు హైదరాబాదులో, చెల్లి కాశీబుగ్గలో. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను తీరం దాటాక, పడిపోయిన కొబ్బరి చెట్లు దాటుకుంటూ మా ఇంటికి చేరింది చెల్లీ, బావగారే. పుణే వచ్చేయమంటే నాన్న, "నానేటి సేత్తాన్రా అక్కడ?" అన్నారు.

సరే, ఎక్సెల్ షీటు వేశాను. మందులు, కారు, పనిమనిషి జీతం. నాకూ తమ్ముడికీ చెరిసగం. ఆడపిల్ల కదా, చెల్లి పైసా ఇవ్వక్కర్లేదన్నాను. అదేదో పెద్దమనసు అనుకున్నాను కూడా.

నాలుగేళ్ల తర్వాత ఒకరోజు, డబ్బు అందిందా అని ఫోన్ చేస్తే చెల్లి అంది: "డబ్బు ఓ నెల ఆగినా సర్దుకుంటాను అన్నయ్యా. సోమవారం ఆగదు కదా." కూతుర్ని కాలేజీలో చేర్చడానికి కూడా తను వెళ్లలేకపోయిందట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

ముందు కోపమే వచ్చింది. కూతురికీ బాధ్యత ఉందా అని చట్టం తిరగేశాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను. ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కొడుకునీ కూతుర్నీ వేరుగా చూడదు. నెలకింత ఇవ్వమని ట్రిబ్యునల్ ఆదేశించగలదు. కానీ తెల్లవారుజామున ఎవరు లేవాలో అందులో లేదు, నా షీటులోనూ లేదు.

ఇప్పుడు నేనో నెల, తమ్ముడో నెల, పదేసి రోజులు ఊళ్లో ఉంటున్నాం. ఆ పది రోజులూ చెల్లి ఆసుపత్రి వైపు రాకూడదు. మొదటిసారి, నాన్నకి ఫిస్టులా ఉన్న చేతికి బీపీ చూడకూడదని కూడా నాకు తెలియదు. చెల్లి ఓ నోట్‌బుక్ చేతిలో పెట్టింది. తాగిన నీళ్లు, బరువు, బీపీ, నాలుగేళ్లవి, తేదీలతో సహా. మా ఆఫీసులో అలాంటి రికార్డు నేను చూడలేదు.

ఈ నెల వంతు నాది. రేపు సోమవారం, అయిదింటికే బయల్దేరాలి. రాత్రి భోజనాలకి ఉండలేను, ఏమీ అనుకోకండి.